తప్పు ఉప్పుదేనా?

ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం ఉన్న సాలువా వైపు పరుగు సాధనకు బయల్దేరిన ఖరగ్‌పూర్ తెలుగు కుర్రాడికి పిక్క పట్టేసిందనుకోండి. రైల్వే క్వార్టర్స్‌లో పెద్దలు చెప్పే మందు ఉప్పు కలిపిన నీళ్లే. చెమటతో ఉప్పు పోయి కండరాలు పట్టేస్తాయన్నది పాత లెక్క. గనుల్లో, ఆవిరి ఓడల బాయిలర్ల దగ్గర పనిచేసే కార్మికులను చూసి వందేళ్ల కిందటి వైద్యులు వేసిన లెక్క అది.

ఈత, సైకిల్, పరుగు వరుసగా సాగే ట్రయథ్లాన్‌లో అది కుదరలేదు. మార్టిన్ ష్వెల్నస్ బృందం 210 మంది ఐరన్‌మ్యాన్ పోటీదారులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించింది. కండరాలు పట్టేసిన 43 మందికీ మిగతావారికీ సోడియంలో, బరువు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా వేగంలోనే. అంతకుముందు పోటీల్లో పట్టేసినవారికి ముప్పు ఎక్కువ.

కొత్తవారు బోల్తాపడేది ఇక్కడే. శక్తికి మించిన వేగంతో కండరం అలసిపోతుంది. ఈతలో పాదం చాచే ఉంచడంతో పిక్క కుదించుకునే ఉంటుంది. పట్టేస్తే ఆగాలి. మోకాలు చాచి, కాలివేళ్లను ఒంటివైపు లాగి పట్టుకోవాలి. నీళ్లలోనైతే ముందు వెల్లకిలా తేలాలి, సాయానికి చెయ్యెత్తాలి. ఒక్క పిక్కే వాచి, వేడెక్కి, నొప్పి తగ్గకపోతే అది రక్తం గడ్డ కావచ్చు. వెంటనే డాక్టర్‌ను కలవాలి.

ఎండలో గంటల తరబడి చెమటోడ్చేవారికి ఉప్పూ నీళ్లూ అవసరమే. కానీ దూరం, వేగం వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుకోవడానికి అవి ప్రత్యామ్నాయం కావు.