పిడుగులాంటి తలనొప్పి

పిల్లలూ! సైకిలు షాపులో పంక్చరు వేసేటప్పుడు మీరు చూసే ఉంటారు. పాత ట్యూబుకు గాలి కొడితే అది అంతటా సమంగా ఉబ్బదు. రబ్బరు పలచబడిన చోట చిన్న బుడగలాగా పైకి లేస్తుంది. ఆ బుడగ ఎప్పుడు పగులుతుందో చెప్పలేము.

మన మెదడుకు నెత్తురు తెచ్చే ధమనులలో కూడా ఒక్కొక్కసారి ఇట్లాంటి బుడగ ఏర్పడుతుంది. మెదడు అడుగున ఈ ధమనులు ఒకదానితో ఒకటి కలిసి వలయంగా ఉంటాయి. 1664లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనిని వివరించాడు గనుక దీనికి విల్లిస్ వలయమని పేరు వచ్చింది. అక్కడ కొమ్మలు చీలే చోట గోడ బలహీనంగా ఉంటే, నెత్తురు తోపుడుకు అది ఉబ్బి, కొమ్మకు వేలాడే రేగుపండులాగా అవుతుంది. దీనినే డాక్టర్లు ఎన్యూరిజం అంటారు.

ఇది వినగానే భయపడకండి. పిల్లలలో ఇది చాలా అరుదు. పెద్దలలో కూడా చాలామందికి ఆ బుడగ జీవితమంతా పగలకుండానే ఉండిపోతుంది. రక్తపుపోటు ఉండి మందు వాడనివారికీ, బీడీ సిగరెట్టు తాగేవారికీ ప్రమాదం ఎక్కువ. రక్తసంబంధీకులలో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుతో చెప్పాలి.

మన చిత్తూరు, తిరుపతి సీమలో ఎండలు మెండు. తలనొప్పి అనగానే ఎండ అనో, పైత్యం అనో, దిష్టి అనో అంటాము. శొంఠి గంధం పెట్టి పడుకోబెడతాము. చాలా తలనొప్పులు దానితోనే పోతాయి కూడా. అయితే బుడగ పగిలిన తలనొప్పిని గుర్తుపట్టే ఉపాయం ఒకటి ఉన్నది. మామూలు తలనొప్పి పొయ్యిమీది నీళ్లలాగా మెల్లగా కాగుతుంది. ఇది పిడుగులాగా పడుతుంది. ఒక్క నిమిషంలోపలే భరించలేనంత అవుతుంది. "ఇంత నొప్పి పుట్టి ఎరగను" అంటారు రోగులు. దానితో వాంతులు కావచ్చు, మెడ బిగుసుకోవచ్చు, వెలుతురు చూడలేకపోవచ్చు, స్పృహ తప్పవచ్చు. కొందరికి బుడగ పగలకముందే నరాన్ని నొక్కడంవల్ల ఒక కంటిరెప్ప వాలిపోతుంది, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. అది కూడా ఆలస్యం చేయరాని గుర్తే.

మరి తల లోపలి సంగతి డాక్టరుకు ఎట్లా తెలుస్తుంది? మామూలు ఎక్స్‌రేలో ధమనులు కనిపించవు. 1927లో పోర్చుగల్ దేశపు ఈగాస్ మోనిజ్, ఎక్స్‌రేకు కనిపించే మందును ధమనిలోకి ఎక్కించి మెదడు ధమనుల బొమ్మ తీశాడు. దీనిని ఆంజియోగ్రాం అంటారు. మన చిత్తూరు పొరుగున ఉన్న వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, 1949లో డాక్టర్ జాకబ్ చాండీ మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించాడు. మన దేశంలో అట్లాంటిది అదే మొదటిది! 1971లో లండన్‌లో సి.టి. స్కాన్ వచ్చింది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి 1993లో మొదలైంది.

ఈనాడు మొదట సి.టి. స్కాన్ తీస్తారు. కారిన నెత్తురు అందులో తెల్లగా కనిపిస్తుంది. కొద్ది గంటలలోపల తీస్తే దాదాపుగా తప్పిపోదు. రోజులు గడిస్తే కనిపించకపోవచ్చు. అప్పుడు నడుము దగ్గర సూదితో వెన్ను నీరు తీసి చూస్తారు. నీళ్లలాగా తేటగా ఉండవలసిన ఆ నీరు పసుపుపచ్చగా ఉంటే, లోపల నెత్తురు కారిందని అనుమానించాలి. తరువాత ఆంజియోగ్రాంతో బుడగ ఎక్కడ ఉన్నదో కనిపెడతారు. శస్త్రచికిత్స చేసి దాని మెడకు క్లిప్పు పెడతారు. లేదా ధమనిలోనుంచి సన్నని గొట్టం పంపి, తీగచుట్టలతో దానిని పూడుస్తారు.

ఒకసారి పగిలిన బుడగ మళ్లీ పగలవచ్చు. మొదటి రోజే ఆ ప్రమాదం ఎక్కువ. అందువల్ల నొప్పి కాస్త తగ్గినా "రేపు చూద్దాము" అనకూడదు.

ఇక మీ పని. ఇంట్లో అవ్వకో, నాయనకో, మరెవరికో ఇట్లాంటి నొప్పి వస్తే, మొదట గడియారం చూడండి. ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపట్లో ముదిరింది అనే రెండు సంగతులు గుర్తుంచుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు అవే. వెంటనే పెద్దలను పిలవండి, 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ వంటి మాత్ర ఇవ్వనీయకండి, అది నెత్తురును గడ్డకట్టనివ్వదు. నోట్లో నీళ్లు పోయకండి. వాంతి అవుతున్నా, స్పృహ లేకపోయినా పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఈ పాఠాన్ని ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మానాయనలకు చదివి వినిపించండి. 108 అనే అంకెను గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మీ ఇంట్లో దాని అవసరం ఎన్నడూ రాకూడదని నా ఆకాంక్ష.