సంతకం పడని శాంతి

2000 నవంబరులో దిల్‌సుఖ్‌నగర్‌లో పౌరహక్కుల నాయకుడు పురుషోత్తంను నరికి చంపారు. ఆ నెత్తురు చూసిన హైదరాబాద్‌లోనే 2004 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హోంమంత్రి జానారెడ్డి, మావోయిస్టు నేత రామకృష్ణ శాంతి చర్చలకు ఎదురెదురుగా కూర్చున్నారు. ఎస్.ఆర్. శంకరన్ వంటి మధ్యవర్తులు ఏళ్ల తరబడి పట్టిన ఓర్పు ఫలమది. నల్గొండ పల్లెల నుంచి ఎల్బీనగర్‌లో బస్సు దిగేవాళ్లకు చిన్న ఆశ కాదది. భూపంపిణీపై మాట సాగింది, ఆయుధాల దగ్గర చిక్కుపడింది. 2005 జనవరిలో వరస ఎన్‌కౌంటర్లు జరిగాయి, మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టులో మావోయిస్టుల చేతిలో ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య జరిగింది, వారి పార్టీపై నిషేధం తిరిగొచ్చింది. తప్పు రెండువైపులా ఉంది. నేపాల్‌లో 2006 ఒప్పందం తర్వాత మావోయిస్టుల ఆయుధాలు ఐక్యరాజ్యసమితి కళ్లెదుట పెట్టెల్లో తాళం పడ్డాయి. ఇక్కడా ఎజెండాకంటే ముందు, ఉల్లంఘన ఎవరిదో తేల్చే నిష్పాక్షిక సంఘాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకుని ఉండాల్సింది.