పాత కారుకు రంగుకంటే చరిత్ర ముఖ్యం

సూరత్: మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాలనుంచి సూరత్‌కు తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడి దశాబ్దాలు గడిచాయి. లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో తెలుగు మాట వినిపించని వీధి అరుదు. తొలితరం సైకిలుతోనూ, మలితరం స్కూటరుతోనూ సరిపెట్టుకోగా, ఇప్పుడు అనేక కుటుంబాలు కారు కొనే ఆలోచనలో ఉన్నాయి. వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నా, పెళ్లిళ్లకో పండుగకో దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని స్వగ్రామానికి సామానుతో బయలుదేరాలన్నా డిక్కీ ఉన్న సెడాన్ కారు సౌకర్యంగా ఉంటుంది. కొత్తది కొనే స్తోమత లేనివారికి సెకండ్ హ్యాండ్ మార్కెట్టే దిక్కు.

అయితే ఈ కొనుగోలులో పణంగా పెడుతున్నది ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. కొన్న మూడు నెలలకే ఇంజన్ విప్పవలసివస్తే ఆ కుటుంబం కారునూ వాడుకోలేదు, పెట్టిన డబ్బునూ రాబట్టుకోలేదు. కాబట్టి ఏ కంపెనీ కారు మంచిది అన్న ప్రశ్నకంటే, ఎదుట నిలిచిన ఈ కారు ఇంతకాలం ఎక్కడ, ఎవరి చేతిలో, ఎలా నడిచింది అన్న ప్రశ్న ముందుగా వేసుకోవలసి ఉంది.

మారిన మార్కెట్

దేశంలో 2024–25 ఆర్థిక సంవత్సరంలో సుమారు 43 లక్షల కొత్త ప్రయాణికుల వాహనాలు అమ్ముడయ్యాయి. చేతులు మారే పాత కార్ల సంఖ్య అంతకంటే ఎక్కువేనని పరిశ్రమ వర్గాల అంచనా. కొత్త వాహనాల అమ్మకాల్లో దాదాపు 65 శాతం ఎత్తయిన యుటిలిటీ వాహనాలదే కావడం గమనార్హం. కొనుగోలుదారుల మోజు అటు మళ్లినందువల్ల, అదే వయసు, అదే స్థితిలో ఉన్న సెడాన్ కొంత చౌకగా దొరికే అవకాశం ఏర్పడింది. హోదాకంటే అవసరానికి విలువనిచ్చే కుటుంబానికి ఇది అనుకూలమైన పరిణామమే.

పన్నుల మార్పు కూడా బేరాన్ని ప్రభావితం చేస్తున్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతంనుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజన్ ఉన్న చిన్న సెడాన్లకూ ఈ తగ్గింపు వర్తించింది. కొత్త కారు ధర దిగినప్పుడు పాత కారు ధరా దిగాలి. కానీ అమ్మేవారు తాము ఒకనాడు చెల్లించిన మొత్తాన్నే ప్రాతిపదికగా చూపడం సహజం. కొనేవారు మాత్రం అదే కారు కొత్తది ఈ రోజు షోరూములో ఎంత ఉన్నదో తెలుసుకుని అక్కడినుంచి బేరం మొదలుపెట్టాలి.

పాత కార్ల మార్కెట్‌లో చిక్కు ఎక్కడున్నదో 1970లోనే అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ విశ్లేషించారు. కారులోని లోపం అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. మంచి కారుకూ చెడ్డ కారుకూ తేడా కనిపెట్టలేని కొనుగోలుదారు అన్నింటికీ మధ్యస్థమైన ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు, చెడ్డ కారు యజమాని సంతోషంగా అమ్ముతాడు. క్రమేణా మార్కెట్‌లో నాసిరకమే మిగులుతుంది. సమాచార లోపంపై జరిపిన ఈ కృషికిగాను ఆయన 2001లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకున్నారు. ఈ సిద్ధాంతం సామాన్యుడికి చెప్పే నీతి ఒక్కటే: సమాచారం సేకరించినవాడే నష్టపోకుండా బయటపడతాడు.

తాపీ నేర్పిన పాఠం

సూరత్‌లో పాత కారు కొనేవారు మొదట పరిశీలించవలసినది నీటి జాడ. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయంనుంచి భారీగా వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచివేసింది. ఆనాటి కార్లు ఇప్పుడు దాదాపుగా కాలం చేసినా సమస్య మాత్రం తీరలేదు. నగరం మధ్యగా పారే ఖాడీలు, అంటే వాగులు, వానాకాలంలో పొంగి లింబాయత్, పర్వత్ పాటియా వంటి పల్లపు ప్రాంతాల్లోకి నీరు చేరుతూనే ఉన్నది. తెలుగువారు అధికంగా నివసించే ప్రాంతాలూ అవే.

మునిగిన కారు అదే ఊళ్లో అమ్ముడుపోవాలన్న నియమం లేదు. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వేలాది వాహనాలు నీట నానాయి. అటువంటి వాహనం శుభ్రపడి, రంగు వేయించుకుని మరో రాష్ట్రంలో కొత్త యజమానిని వెతుక్కోగలదు. నేటి కార్లలో ఇంజన్‌ను, బ్రేకులను, ఎయిర్‌బ్యాగులను నియంత్రించేవి ఎలక్ట్రానిక్ పరికరాలు. నీరు తగిలిన తీగల తుప్పు ఆర్నెల్ల తర్వాతగానీ బయటపడకపోవచ్చు.

నీటి జాడ కనిపెట్టడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. సీటుబెల్టును చివరిదాకా బయటకు లాగితే కింది భాగంలో బురద చార కనిపించవచ్చు. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి దాని అడుగున తుప్పు ఉన్నదేమో చూడాలి. సీట్ల కింది బోల్టులు తుప్పుపట్టి ఉన్నా, తలుపులు మూసినప్పుడు తడి వాసన వచ్చినా, లోపలి కార్పెట్ మాత్రమే సరికొత్తగా ఉన్నా అనుమానించవలసిందే.

మీటరు, సిలిండరు

రెండవ ప్రమాదం వెనక్కి తిప్పిన మీటరు. చిన్న సెడాన్లు ట్యాక్సీలుగా విరివిగా తిరుగుతాయి. పసుపు నంబరు పలకతో లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు తర్వాత సొంత వాహనంగా మారి తెల్ల పలకతో మార్కెట్‌కు రావచ్చు. మీటరులో నలభై వేల కిలోమీటర్లు చూపుతున్నా క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు అరిగి, స్టీరింగు నునుపుదేలి, డ్రైవరు సీటు కుంగిపోయి ఉంటే ఆ అంకెను నమ్మనక్కరలేదు. కంపెనీ సర్వీసు కేంద్రంలోని రికార్డులో ప్రతి సర్వీసునాటి కిలోమీటర్లూ నమోదై ఉంటాయి. యజమాని అనుమతితో దాన్ని తెప్పించుకోవాలి. అందుకు నిరాకరించే అమ్మకందారు కారును వదిలిపెట్టడమే మేలు.

మూడవది గ్యాస్ సిలిండరు. సహజవాయువు బంకులు పుష్కలంగా ఉన్న సూరత్‌లో సీఎన్‌జీ కారు అంటే ఆకర్షణ ఎక్కువ. ఇంధన ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ సెడాన్‌లో సిలిండరు డిక్కీలో కూర్చుంటుంది. సామాను కోసమని సెడాన్ కొన్న కుటుంబం ఆ సామానును పైకప్పు మీద కట్టుకోవలసి వస్తుంది. అంతకంటే ముఖ్యం భద్రత. సిలిండరుకు మూడేళ్లకొకసారి పీడన పరీక్ష తప్పనిసరి. బయట అమర్చిన కిట్ అయితే అది రిజిస్ట్రేషన్ పత్రంలోనూ, బీమా పాలసీలోనూ నమోదై ఉండాలి. ఇవి లేని సీఎన్‌జీ కారు ఎంత చౌకగా వచ్చినా చౌక కాదు.

కాగితాల్లోని కారు

కారు తాళంచెవులు చేతికి వచ్చినంత మాత్రాన చట్టరీత్యా యజమాని అయినట్టు కాదు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వాహనం ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్న వ్యక్తే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యుడని స్పష్టం చేసింది. అమ్మినవాడు, కొన్నవాడు ఫారం 29, 30లపై సంతకాలు చేసి పేరు మార్పిడి పూర్తిచేయడం ఇద్దరికీ రక్షణ. కారుపై అప్పు ఉన్నట్లయితే బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 లేకుండా పూర్తి సొమ్ము చెల్లించరాదు. అప్పు, బీమా, రిజిస్ట్రేషన్ గడువు వంటి వివరాలను ప్రభుత్వ వాహన్ వ్యవస్థలో సరిచూసుకోవచ్చు. చెల్లించని చలానాలు ఉన్నాయేమో కూడా చూడాలి.

బీమా విషయంలో పొరపాటు తరచుగా జరుగుతుంది. పేరు మారిన 14 రోజుల్లోగా పాలసీ మార్పుకు దరఖాస్తు చేయాలి. లేనట్లయితే సొంత కారుకు జరిగిన నష్టానికి పరిహారం దక్కకపోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానికి చెందుతుందే తప్ప కారుకు కాదు. కాబట్టి ప్రీమియం కొంత పెరుగుతుందని ముందే లెక్కించుకోవాలి.

మధ్యవర్తుల విషయంలో కేంద్రం 2022 డిసెంబర్‌లో మోటారు వాహన నిబంధనలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరు రవాణా అధికారులనుంచి అధికార పత్రం పొందాలి. యజమాని వాహనం అప్పగించిన సంగతి నమోదైన నాటినుంచి డీలరునే యజమానిగా పరిగణిస్తారు. బాధ్యతనుంచి తప్పుకునే వెసులుబాటు అతనికి ఉండదు. ఆ పత్రం చూపమని అడగడం కొనుగోలుదారు హక్కు. రిజిస్టరైన డీలరు తన లాభంపై చెల్లించవలసిన జీఎస్టీని 2024 డిసెంబర్‌లో జైసల్మేర్ సమావేశం అన్ని పాత కార్లకూ 18 శాతంగా నిర్ణయించింది. మూడు లక్షలకు కొన్న కారును మూడున్నర లక్షలకు అమ్మితే పన్ను యాభై వేల మీదనే, అంటే తొమ్మిది వేలు. మొత్తం ధరపై 18 శాతం అడిగేవారి మాట నమ్మనవసరం లేదు. ఇద్దరు వ్యక్తుల మధ్య నేరుగా జరిగే అమ్మకానికి ఈ పన్ను లేదు.

స్వరాష్ట్రానికి తిరిగివెళ్లే ఉద్దేశం ఉన్నవారు మరొక లెక్క వేసుకోవాలి. వాహనం మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. జీజే–05 నంబరు కారును వరంగల్‌కో కరీంనగర్‌కో శాశ్వతంగా తీసుకువెళితే నిరభ్యంతర పత్రం, అక్కడి జీవితకాలపు పన్ను తప్పవు. సూరత్‌లో మిగిలిన సొమ్ము ఈ పన్నుకే పోవచ్చు.

ఏ కారు, ఏ సంవత్సరం?

ఈ వడపోత తర్వాతనే మోడల్ ప్రసక్తి. మారుతి డిజైర్‌కు విడిభాగాలు, మెకానిక్‌లు ఎక్కడైనా దొరుకుతారు. ధర ఎక్కువ పలకడానికీ అదే కారణం. ట్యాక్సీగా తిరిగిన వాటి బెడదా వీటిలోనే ఎక్కువ. హోండా అమేజ్, హ్యుందాయ్ ఎక్సెంట్, ఆరా పెట్రోలు కార్లు పరిశీలించదగినవి. టయోటా ఈటియోస్ 2020లో నిలిచిపోయినా మన్నికకు పేరుపొందింది. గుజరాత్‌లోని సానంద్‌లోనే తయారైన ఫోర్డ్ యాస్పైర్ చౌకగా దొరకవచ్చు. అయితే ఆ కంపెనీ 2021లో దేశంలో తయారీని విరమించిందన్న సంగతి గుర్తుంచుకుని, విడిభాగాల లభ్యత విచారించిన పిదపనే నిర్ణయించుకోవాలి.

మోడల్‌కంటే తయారీ సంవత్సరం ముఖ్యం. 2019 ఏప్రిల్ నుంచి చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు, అదే సంవత్సరం జూలైనుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు హెచ్చరిక అన్ని కార్లకూ తప్పనిసరి అయ్యాయి. బడ్జెట్ అనుమతిస్తే ఆ తేదీకి ఇవతలి కారునే ఎంచుకోవడం విజ్ఞత. అంతకుముందుదైతే ఈ సదుపాయాలున్న రకమేనా అని చూడాలి. 2023 ఏప్రిల్‌కు పూర్వపు పెట్రోలు కార్లలో అధికభాగం 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనం కోసం రూపొందినవి కావు. వాటి ఇంధన గొట్టాలను, రబ్బరు భాగాలను మెకానిక్ చేత పరీక్ష చేయించాలి. పదిహేనేళ్లు సమీపిస్తున్న కారు జోలికి పోకపోవడమే మంచిది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమే 2022 ఏప్రిల్‌లో 600 రూపాయలనుంచి 5,000 రూపాయలకు పెరిగింది.

అసలు లెక్క

నాలుగు లక్షల రూపాయలు చేతిలో ఉన్న కుటుంబం నాలుగు లక్షల కారు వెతకడం తొలి పొరపాటు. పేరు మార్పిడి, బీమాలకు కొంత, టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, ఆయిల్ మార్పిడికి కొంత తప్పక ఖర్చవుతుంది. యాభై వేలు పక్కన పెట్టి మూడున్నర లక్షల లోపు కారు చూసుకున్నవారు మొదటి సంవత్సరం నిశ్చింతగా గడుపుతారు. అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు రెండు వేలు ఇచ్చి పరీక్ష చేయించడానికి వెనుకాడి, తర్వాత యాభై వేలు ఖర్చు పెట్టేవారే ఎక్కువ. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కారు స్టార్టు చేయించి చూడడం, ఎగుడుదిగుడు దారిలో ఒక పది కిలోమీటర్లు నడిపించడం ఈ పరీక్షలో భాగం కావాలి.

చట్టం డీలరును బాధ్యుణ్ణి చేసినా, కారులోని లోపాన్ని బయటపెట్టమని వ్యక్తిగత అమ్మకందారును ఒత్తిడి చేసే వ్యవస్థ బలంగా లేదు. ప్రమాదాలు, మునకలు, బీమా క్లెయిములు ప్రతి కారు రికార్డులోనూ నమోదై సామాన్యుడికి అందుబాటులోకి వచ్చిననాడు ఈ మార్కెట్ నిజంగా బాగుపడుతుంది. అంతవరకు జాగ్రత్తపడవలసిన భారం కొనేవారిదే. నేతపని ఎరిగిన కుటుంబాలకు ఇది కొత్త విద్య కాదు. అంచు మెరుపు చూసి కాక, నూలు పోగు పట్టి చూసి బట్ట నాణ్యత తేల్చడం వారికి తెలిసినదే. కారు విషయంలోనూ ఆ చూపే అక్కరకు వస్తుంది.