వెయ్యో వంతు అని పలికించండి

బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలోని అడవులదీవి ప్రాంతంలో రొయ్యల చెరువు గట్టెక్కితే చెవిన పడే మాటలు పీపీటీ, పీపీఎం. చెరువు ఉప్పు పది పీపీటీ అంటే కిలో నీటిలో పది గ్రాముల ఉప్పు. సముద్రపు నీటిలో అది సుమారు 35. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. గణితంలో ఇవి 10⁻³, 10⁻⁶. ఎనిమిదో తరగతిలో ఇవే ఋణ ఘాతాంకాలుగా ఎదురైనప్పుడు మాత్రం చాలాచోట్ల పిల్లలకు అందేది ఒక్క సూత్రం: ఘాతాంకం ఋణమైతే సంఖ్యను హారంలోకి దించి గుర్తు మార్చు. లెక్క కుదురుతుంది, ఆ సంఖ్య ఎంత చిన్నదో తెలియదు. అందుకే 10⁻³ను మైనస్ వెయ్యి అనుకునేవారు, వెయ్యిలో మూడు సున్నాలున్నాయని దశాంశ బిందువు తర్వాతా మూడు సున్నాలు పెట్టి 0.0001 రాసేవారు కనబడతారు.

నా వాదన ఒక్కటే. 10⁻³, 1/1000, 0.001 మూడూ ఒకే రోజు, ఒకే వరసలో పలక మీదికి రావాలి, మూడింటినీ 'వెయ్యో వంతు' అనే పలకాలి. 1000, 100, 10, 1 అంటూ మెట్టుకోసారి పదితో భాగిస్తూ దిగిన పిల్లవాణ్ణి ఒకటి దగ్గర ఆపకుండా పదో వంతు, నూరో వంతు, వెయ్యో వంతు దాకా దించితే ఘాతాంకం 3 నుంచి మైనస్ 3కి దానంతటదే వస్తుంది. ఈ దిగడం తెలుగుకు కొత్త కాదు. అర, పావు, పరక, వీసం సగాన్ని సగం చేసుకుంటూ దిగిన లెక్కే. పదహారో వంతైన వీసం 2⁻⁴. 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి రూపాయికి నూరు పైసలు వచ్చాక నూరో వంతూ ఇంటి లెక్కే అయింది. 'సున్నా పాయింట్ సున్నా సున్నా ఒకటి' అని చదివితే స్థానాలు వినపడతాయి, విలువ వినపడదు.

సున్నా తప్పితే ఏమవుతుందో చెరువులోనే చూడవచ్చు. ఎకరం విస్తీర్ణంలో మీటరు లోతు నీరుంటే సుమారు 4,047 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఒక గ్రాము ఒక పీపీఎం కాబట్టి, ఆ మోతాదుకు మందు దాదాపు నాలుగు కిలోలు. 10⁻⁶ బదులు 10⁻⁵గా లెక్కేస్తే నలభై కిలోలు పడుతుంది.

అందరూ రొయ్యల రైతుల పిల్లలు కారు కదా అంటారు. నిజమే. కానీ సైన్సు పాఠంలోని పీహెచ్ అందరిదీ. పీహెచ్ 8 అంటే లీటరులో హైడ్రోజన్ అయాన్లు 10⁻⁸ మోల్. 7కి దిగితే ఒకటే తగ్గినట్టుంటుంది, ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది. భిన్నాలే సరిగా రానివారికి ఇంకో బరువెందుకన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఆ పిల్లలను తలుచుకునే ఈ మాట చెబుతున్నాను. భిన్నాలు ఒక అధ్యాయంలో, దశాంశాలు ఇంకో అధ్యాయంలో విడివిడిగా నేర్చిన పిల్లలకు ఆ రెండూ ఒకటేనని చూపే చోటు ఈ పాఠమే. సూత్రం పరీక్షకు సరిపోతుందన్న వాదనకు జవాబు ప్రశ్నపత్రంలోనే ఉంది. 10⁻³ విలువ రాయమనడంతో ఆగకుండా 0.004లో వెయ్యో వంతులు ఎన్నని అడిగితే, బోధన కూడా ఆ వైపే కదులుతుంది.