ఎయిర్‌బ్యాగ్ కేసులో మొదటి సాక్షి కారే
తుక్కుకు పోతే పరిహారమూ పోయినట్లే

ఒంగోలు: కారు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోక మనిషి గాయపడినా, లోపమున్న ఎయిర్‌బ్యాగ్ తానే గాయం చేసినా నష్టపరిహారం కోరే హక్కు చట్టంలో ఉన్నది. అయితే ఆ హక్కుకు ఆధారమైన కారు మాత్రం తరచు కేసు మొదలుకాకముందే చేయి దాటిపోతున్నది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి షెడ్డులో బండికి కొత్త బంపరు, కొత్త బ్యాగు బిగించి ఉంటారు. లేదా బీమా కంపెనీతో లెక్క తేల్చుకుని తుక్కు వ్యాపారికి అప్పగించి ఉంటారు. ఆ తరువాత ప్లీడరు దగ్గర ఎంత మొరపెట్టుకున్నా చూపించడానికి ఏమీ మిగలదు.

ఒకప్పుడు ఈ గాలిసంచి ఖరీదైన కార్లకే ఉండేది. 2019 జులై 1 నుంచి డ్రైవరు ముందు, 2022 నుంచి పక్క సీటు ముందు కూడా ప్రతి కొత్త కారులో తప్పనిసరి అయింది. పొగాకు డబ్బుతో చిన్న కారు కొన్న రైతు ఇంటి ముందు కూడా ఇప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండే నిలబడి ఉన్నది. అది ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎవరిని కాపాడుతుందో షోరూములో విడమరచి చెప్పేవారు తక్కువ.

ముందు నుంచి గట్టి దెబ్బ తగిలినప్పుడు కారులోని సెన్సరు దానిని పసిగడుతుంది. వెంటనే ఒక రసాయనం మండి, వాయువు పుట్టి, సెకనులో దాదాపు ముప్పయ్యో వంతు కాలంలో సంచి నిండుతుంది. అది విచ్చుకునే వేగం గంటకు 300 కిలోమీటర్ల వరకు ఉంటుంది. సీటుబెల్టు పెట్టుకుని వెనక్కు ఆనుకున్న మనిషికి ఇది మెత్తని దిండు. బెల్టు లేనివాడు అప్పటికే ముందుకు తూలి ఉంటాడు గనుక, ఉబ్బుతున్న సంచి అతనికి గుద్దులా తగులుతుంది. ముఖం కమిలిపోవడం, మణికట్టు, పక్కటెముకలు విరగడం, వేడి వాయువుకు చర్మం కాలడం ఇలా జరిగేవే. సంచి నుంచి వచ్చే పొడి కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీటితో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి. స్టీరింగుకు, ఛాతీకి మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలని నిపుణులు చెబుతారు.

పిల్లల విషయం మరీ ఘోరం. 2024లో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీటులో తల్లి ఒడిలో ఉన్న రెండేళ్ల పాప, అదే ఏడాది నవీ ముంబయిలో ముందు సీటులో కూర్చున్న ఆరేళ్ల బాబు ఎయిర్‌బ్యాగ్ తాకిడికి చనిపోయారు. మారాం చేశాడని పిల్లవాడిని ముందు సీటులో ఒడిన పెట్టుకుని తిరుపతి ప్రయాణం కట్టడం మన వైపు మామూలు. పిల్లలు వెనుక సీటులోనే కూర్చోవాలి. డ్యాష్‌బోర్డు మీద అతికించిన దేవుడి బొమ్మ కూడా సంచి తెరుచుకున్నప్పుడు రాయిలా ఎగిరి వస్తుంది. బొమ్మ పెట్టడానికి కారులో వేరే చోటు లేకపోలేదు.

పరిహారం ఎవరిస్తారు?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఎదుటి లారీ డ్రైవరు నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగితే, ఆ దెబ్బకు తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ చేసిన గాయం కూడా ఆ ప్రమాదపు గాయమే. దానికి మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో లారీ యజమాని మీద, దాని బీమా కంపెనీ మీద దరఖాస్తు పెట్టుకోవాలి. వైద్యం ఖర్చు, పోయిన రాబడి, ముందుముందు పనిచేయలేకపోవడం అన్నీ లెక్కలోకి వస్తాయి. తప్పు ఎవరిదో రుజువు చేయలేని పరిస్థితిలో మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు కోరే మరో దారి కూడా చట్టంలో ఉన్నది. ప్రమాదం విజయవాడ దగ్గర జరిగినా, బాధితుడు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. సీటుబెల్టు పెట్టుకోలేదనో, పిల్లవాడిని ఒడిలో పెట్టుకున్నారనో చెప్పి పరిహారం తగ్గించమని బీమా వకీలు వాదించడం మాత్రం ఖాయం.

యజమాని తన కారు తానే నడుపుతూ చెట్టుకు గుద్దితే ట్రిబ్యునల్‌లో అతనికి చోటు లేదు. అతనికి మిగిలేది పాలసీతో పాటు తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. అది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి మాత్రమే. మణికట్టు విరిగి మూడు నెలలు పని పోతే దాని నుంచి ఒక్క రూపాయి రాదు. పక్కన కూర్చున్న బంధువుకు పరిహారం రావాలంటే ఫుల్ ఇన్సూరెన్స్ ఉండాలి. పాత కార్లు కొన్నవారు చలానా తప్పించుకోవడానికి థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకోవడం ఎంత నష్టమో అప్పుడు తెలుస్తుంది.

తెరుచుకోని సంచి సంగతి వేరు. అది కంపెనీకి, కొనుగోలుదారుకు మధ్య వివాదం. దీనిపై 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి కారు యజమాని తెలుసుకోదగినది. 2015లో హ్యుందాయ్ క్రెటా కొన్న ఒక ఆసామి 2017 నవంబరులో ఢిల్లీ-పానిపట్ రహదారిపై ప్రమాదానికి గురయ్యాడు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తలకు, ఛాతీకి, పళ్ళకు దెబ్బలు తగిలాయి. ముందు నుంచి చాలినంత బలంగా దెబ్బ తగలలేదు గనుకనే తెరుచుకోలేదని కంపెనీ వాదించింది. ఢీకొన్న వేగమెంత, బలమెంత అని లెక్కగట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని కోర్టు అన్నది. కారు దెబ్బతిన్న తీరే లోపాన్ని చెబుతున్నదని భావించింది. 3 లక్షల రూపాయల పరిహారం, ఖర్చులతో పాటు కారును మార్చి ఇవ్వాలన్న కింది కమిషన్ల ఉత్తర్వును ఖాయం చేసింది.

తీర్పు గొప్పదే. కాని ఆ ఆసామి గెలవడానికి కారణం దెబ్బతిన్న కారు ఎలా ఉన్నదో కమిషన్ ముందు చూపించగలగడం. పక్కనుంచో, వెనుకనుంచో దెబ్బ తగిలితే ముందు సంచులు తెరుచుకోకపోవడం సహజమే. ముందు నుంచే తగిలిందని చూపించే భారం బాధితుడి మీదనే పడుతుంది.

మూడవ రకం అరుదైనా భయంకరమైనది. జపాన్‌కు చెందిన తకాటా కంపెనీ సంచి నింపడానికి అమోనియం నైట్రేట్ వాడింది. మన క్వారీల్లో పేలుళ్ళకు, ఎరువుల్లోనూ వాడే పదార్థమే అది. మూతి కట్టని ఎరువు బస్తా చెమ్మ పట్టినట్లే, ఏళ్ళ తరబడి వేడికి, తేమకు అది పాడై, సంచి తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషికి గుచ్చుకున్నాయి. ఒక్క అమెరికాలోనే 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ దాదాపు 6.7 కోట్ల సంచులను వెనక్కు పిలిచారు. 2017లో కంపెనీ నేరం ఒప్పుకుని వంద కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అందులో 85 కోట్లు కార్ల కంపెనీలకు, పన్నెండున్నర కోట్లు బాధితులకు! మన దేశంలోనూ హోండా పాత కార్లను పలుమార్లు వెనక్కు పిలిచి ఆ భాగం ఉచితంగా మార్చింది. సముద్రపు తేమ ఉన్న మన జిల్లాలో పాత కారు కొన్నవారు ఛాసిస్ నంబరు చెప్పి డీలరు దగ్గర ఈ సంగతి విచారించుకోవడం మంచిది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా లోపమున్నట్లే. ఒకసారి ప్రమాదానికి గురైన కార్లలో ఖాళీ మూత బిగించి అమ్మేవారు కూడా లేకపోలేదు.

షెడ్డుకు పంపేముందు

ప్రమాదం జరిగిన చోటనే కారును నాలుగు వైపులా, స్టీరింగును, బెల్టును, మీటరును ఫోటోలు తీయించాలి. పంచనామాలో బ్యాగులు తెరుచుకున్నదీ లేనిదీ రాయమని పోలీసులను అడగాలి. అదే మాట డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రంలోనూ ఉండాలి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే పెట్టెలో ఢీకొన్న క్షణపు వివరాలు నమోదై ఉంటాయి. తమ సమక్షంలో తప్ప దానిని విప్పవద్దని, పాత భాగాలు తిరిగి ఇవ్వాలని సర్వీసు సెంటరుకు రాతమూలకంగా తెలిపి నకలు దగ్గర ఉంచుకోవాలి. బీమా సర్వేయరు వచ్చి చూసి వెళ్ళాడు కదా అనుకోకూడదు. అతను చూసేది మరమ్మతు ఖర్చు, బ్యాగు లోపం కాదు.

కంపెనీ మీద ఫిర్యాదును ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోగా వేయాలి. కారు ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. సొంత జీవనోపాధికి తానే టాక్సీ నడుపుకునేవాడు కూడా ఇక్కడ వినియోగదారుడే. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు మాత్రం 2022 ఏప్రిల్ నుంచి 6 నెలల గడువు పెట్టారు. ఈ గడువు చెల్లదంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవారున్నారు గాని, దానిని నమ్ముకుని జాప్యం చేయడం తెలివైన పని కాదు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100. వినియోగదారుల ఫిర్యాదులకు 1915.