లాభ మెక్కడ? ధన మెక్కడ?

వ్యాపారశాస్త్రమును, ఆర్థికాభివృద్ధిని పట్టపరీక్షకు పై తరగతులలో చదువు విద్యార్థులకు గణకశాస్త్రము ముఖ్యమైన పాఠము. ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టముల పట్టీ, నగదు రాకపోకల పట్టీ అను మూడింటిని వారు వ్రాయుటయు, చదువుటయు నేర్తురు. లాభ మెంతయో తెలిసిన చాలదా, మూడు పట్టీలేల యని మనకు తోచవచ్చును. ఒక యుదాహరణము చూడుడు.

ఒక యిల్లాలు ఊరగాయలు పెట్టి అమ్మసాగినది. మొదటి యేట అమ్మకము 60,000 రూపాయలు. అందు 15,000 అరువు, ఇంకను రావలెను. కాయలకు, నూనెకు, దినుసులకు 40,000 రొక్కముగా చెల్లించినది. 12,000 పెట్టి కారము పట్టు చిన్న మరను కొన్నది. అది నాలుగేండ్లు పనిచేయును గనుక ఒక యేటి అరుగుదల 3,000. ఖర్చును, అరుగుదలయు పోగా లాభము 17,000 రూపాయలు.

మఱి పెట్టెలో చూతము. చేతికి వచ్చినది 45,000, చేజారినది 52,000. అనగా 7,000 లోటు!

రెండు లెక్కలును నిజమే. మొదటిది వ్యాపారము గిట్టునా యని చెప్పును. రెండవది వచ్చే నెల వాయిదా కట్టగలమా యని చెప్పును. లాభము చూచి మురిసి పెద్ద వాయిదాకు ఒప్పుకొన్నచో మెడలోని గొలుసు తాకట్టునకు పోవును. లోటు చూచి బెదరి మానుకొన్నచో చక్కని వ్యాపారము చెడును.

ఈ వివేకము మన పూర్వులకు క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, ద్వితీయాధికరణమునందు, రాబడిలో చేకూరినదానికి 'సిద్ధ' మనియు, రావలసినదానికి 'శేష' మనియు వేర్వేఱు పేర్లు కలవు.

ఈ విద్య స్త్రీలకు కొఱుకుడుపడనిదని యెవరైన ననినచో నమ్మకుడు. మదరాసున ఆర్. శివభోగముగారు 1933 లోనే గణకపరీక్షలో ఉత్తీర్ణురాలై, మన దేశమున ఆ వృత్తి చేపట్టిన తొలి మహిళగా పేరొందిరి.

నేడు తెలుగునాట పొదుపు సంఘములలోని స్త్రీలు బ్యాంకుల వద్ద ఋణము తీసికొని చిన్న వ్యాపారములు నడుపుచున్నారు. లెక్క మఱియొకరు వ్రాసినను సంతకము మనది, అప్పు మనది. కావున కాగితము ముందు పెట్టినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు: చేతికి వచ్చిన దెంత? ఇంకను రావలసిన దెంత? తీర్పవలసిన దెంత, ఏ తేదీకి? వీనికి సమాధానము దొరకిన పిదపనే కలము పట్టుడు.