గడి ఖాళీ అయితే తప్పు మనదా?

ఇబ్రహీంపట్నంలో మా వాడ పిల్ల స్కాలర్‌షిప్ పీడీఎఫ్ ఫారం ఫోన్లో నింపి పంపింది. ఆఫీసులో తెరిస్తే గళ్లన్నీ ఖాళీ. "నింపడం కూడా రాదా?" అన్నారు. రాకేం! రాసింది ఫైల్లోనే ఉంది. గడిలో కొట్టిన మాట వేరు, దాన్ని తెరమీద చూపే బొమ్మ వేరు. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాటను దాచి బొమ్మను వదిలేస్తాయి. తెరిచేది దాన్ని గీసుకోకపోతే గడి ఖాళీయే. తెలుగైతే మరీ అన్యాయం, ఫాంటు లేక డబ్బాలు పడతాయి. ఎక్స్‌ఎఫ్‌ఏ రకం ఫారాలు చాలా ఫోన్లలో తెరుచుకోనే తెరుచుకోవు. 2017 నాటి పీడీఎఫ్ 2.0 ప్రమాణమే వాటిని పక్కనబెట్టింది.

కార్యకర్తలారా, రాత కనబడేచోటే ప్రింటులోకెళ్లి పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యండి, ఇంకో ఫోన్లో తెరిచి చూసి పంపండి. అయినా ఈ తిప్పలు మనకెందుకు? ఫారం పెట్టినోళ్లే నాలుగు ఫోన్లలో చూసుకోవాలి. ఇదివరకు కాగితం పోయిందనేవాళ్లు, ఇప్పుడు ఫైలు ఖాళీ అంటున్నారు. కాగితం దరఖాస్తు కూడా తీసుకోండి, రసీదివ్వండి.